గీత పక్కన ఆట

స్టాన్లీ మాథ్యూస్ గొప్పా, టామ్ ఫిన్నీ గొప్పా? ఇంగ్లండ్‌లో ఈ తగువు రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో మొదలైంది. ఇప్పటికీ తెగలేదు. ఇద్దరూ కుడి వింగర్లే. మాథ్యూస్ స్టోక్, బ్లాక్‌పూల్ జట్లకు ఆడాడు. ఫిన్నీ ఆట బతుకంతా ప్రెస్టన్‌తోనే గడిచింది, ఆటతో పాటు ప్లంబర్ పనీ చేసుకున్నాడు. 1947 మేలో లిస్బన్‌లో పోర్చుగల్‌తో మ్యాచ్‌కి మేనేజర్ వాల్టర్ వింటర్‌బాటమ్ ఇద్దర్నీ కలిపి ఆడించాడు. మాథ్యూస్ కుడి పక్క, ఫిన్నీ ఎడమ పక్క. ఇంగ్లండ్ 10-0తో గెలిచింది, ఇద్దరూ గోల్ కొట్టారు. దాంతో తగువు తీరాల్సింది పోయి ముదిరింది. ఎటు పెడితే అటు ఆడగలడు కాబట్టి ఫిన్నీయే మేటి అని ఒక వర్గం. మాథ్యూస్ కోసం ఫిన్నీ పక్కకు జరిగాడంటేనే పెద్దవాడెవరో తేలిపోయిందని రెండో వర్గం.

లెక్కలు తీస్తే ఫిన్నీదే పైచేయి. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లు, 30 గోల్స్. మాథ్యూస్‌వి 54 మ్యాచ్‌లు, 11 గోల్స్. మాథ్యూస్ వర్గం దీనికి బెదరదు. 50 ఏళ్ల వయసులో ఫస్ట్ డివిజన్ మ్యాచ్ ఆడినవాడు ఇంకొకణ్ని చూపించమంటారు. 1956లో మొట్టమొదటి బాలన్ డోర్ 41 ఏళ్ల మాథ్యూస్‌కే దక్కిందని గుర్తుచేస్తారు. గోల్స్ మాట ఎత్తితే, వింగర్ పని గోల్ కొట్టడం కాదు, కొట్టించడం అని నోరు మూయిస్తారు.

వింగర్ల గురించి ఏ దేశంలో, ఏ తరంలో వాదించుకున్నా ఇదే వరస. ఒకరు గోల్స్ లెక్కపెడతారు, ఒకరు డ్రిబ్లింగ్ గురించి చెబుతారు, ఒకరు వేగం అంటారు. అసలు తూచాల్సింది వీటన్నిటికీ అర క్షణం ముందు జరిగేది. వచ్చిన బంతిని కాలు మొదటిసారి తాకే క్షణం, ఆటగాళ్లు ఫస్ట్ టచ్ అనేది. తనని కాచే ఫుల్ బ్యాక్‌ని వింగర్ దాటతాడా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఆ తరువాతి విన్యాసానికి చప్పట్లు పడతాయి గానీ, అప్పటికే సగం పని అయిపోయి ఉంటుంది.

గీత కూడా ఒక డిఫెండరే

అంతర్జాతీయ మైదానం వెడల్పు మామూలుగా 68 మీటర్లు. మధ్యలో ఆడేవాడికి నాలుగు వైపులా దారి ఉంటుంది, నాలుగు వైపులా ముప్పూ ఉంటుంది. వింగర్‌కి ఒక పక్క తెల్ల గీత. బంతి గీత దాటిందంటే త్రో అవతలి జట్టుది. అందుకే తెలివైన ఫుల్ బ్యాక్ బంతి మీదికి ఉరకడు. ఒళ్లు కాస్త వారగా తిప్పి, లోపలి దారి మూసేసి, వింగర్‌ని గీత వైపు తోలుకుపోతాడు. మిగతాది గీత చూసుకుంటుంది.

ఆ గీతతో వింగర్‌కి లాభమూ ఉంది. దానికి వీపు పెట్టి నిలబడితే వెనక నుంచి ఎవరూ రాలేరు, మైదానమంతా కళ్ల ముందే ఉంటుంది. ఇంకో సంగతి, వింగర్ గీతకు అంటుకుని నిలబడితే ఫుల్ బ్యాక్ అతని కోసం బయటికి రాక తప్పదు. వచ్చాడా, అతనికీ సెంటర్ బ్యాక్‌కీ మధ్య సందు పడుతుంది. ఫార్వర్డ్‌లు దూరేది ఆ సందులోకే. బంతి ముట్టుకోకుండా పది నిమిషాలు గీత పక్కన నిలబడ్డ వింగర్ కూడా జట్టుకు పని చేస్తున్నట్టే. టీవీలో చూసేవాళ్లకి ఇది కనపడదు, కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి. పాత మ్యాచ్‌లను మైదానంలో కూర్చుని చూసినవాళ్లకీ, వాటి ముక్కలను తెరమీద చూసినవాళ్లకీ వింగర్ల మీద ఒకే అభిప్రాయం కుదరకపోవడానికి ఇదొక కారణం.

ఇలాంటి చోట బంతి అందుకోవడంలోనే పనితనం ఉంది. తన వెనక ఉన్న సొంత జట్టు ఫుల్ బ్యాక్ నుంచి ఎడమ వింగర్‌కి పాస్ వస్తోందనుకుందాం. నేరుగా బంతి వైపు తిరిగి, దగ్గరి కాలితో ఆపితే బంతి ఆగుతుంది, కానీ వీపు ప్రత్యర్థి గోల్ వైపు ఉంటుంది. ఆ సరికి డిఫెండర్ వచ్చి వీపుకు ఆనుకుంటాడు. ఇక బంతిని వెనక్కి ఇచ్చేయడమే. అదే, సగం తిరిగి నిలబడి, బంతిని తన ముందు నుంచి పోనిచ్చి, అది వచ్చే దిక్కుకు దూరంగా ఉన్న ఎడమ కాలితో తాకితే కథ మారిపోతుంది. ఆ ఒక్క తాకుతోనే బంతి ముందుకు దొర్లుతుంది, మనిషి అప్పటికే గోల్ వైపు తిరిగి ఉంటాడు. డిఫెండర్ పరుగు అందుకునే లోపు రెండడుగులు కలిసొస్తాయి. గీత పక్కన రెండడుగులంటే తక్కువేం కాదు, క్రాస్ వేయడానికి అది చాలు.

అంతకుముందే మరో పని జరిగి ఉండాలి. బంతి ఇంకా దారిలో ఉండగానే వింగర్ ఒకసారి భుజం మీదుగా చూసుకుంటాడు, ఫుల్ బ్యాక్ ఎంత దూరంలో ఉన్నాడో, ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో. ఆ చూపు ఉంటేనే టచ్‌కి అర్థం ఉంటుంది. డిఫెండర్ దూరంగా ఉంటే బంతిని నాలుగు గజాలు ముందుకు తోసి పరుగెత్తవచ్చు. మీదికి ఉరికి వస్తుంటే అతని కాలి పక్క నుంచే తప్పించవచ్చు. ఇవేవీ కుదరకపోతే బంతిని అసలు తాకకుండా వదిలేసి, అది పోయే దారిలోనే తానూ పోవచ్చు. చూడకుండా అందుకున్నవాడు బంతిని ఎంత మెత్తగా ఆపినా అది ఆపడమే అవుతుంది.

గాల్లో చచ్చిన బంతి

మెత్తదనం అన్న మాట వచ్చింది కాబట్టి మార్సెయ్ వెళ్లాలి. 1998 జులై 4, ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, నెదర్లాండ్స్, అర్జెంటీనా. స్కోరు 1-1, మ్యాచ్ చివరి నిమిషం. ఫ్రాంక్ డి బోయర్ తన సగం మైదానంలోంచి ఎడమ కాలితో ఏటవాలుగా ఒక పొడుగు పాస్ లేపాడు. పెనాల్టీ ఏరియా కుడి వైపుకు డెనిస్ బెర్గ్‌కాంప్ పరుగెత్తుతున్నాడు. బంతి భుజం మీదుగా, వెనక నుంచి దిగుతోంది. ఎగిరి కుడి కాలు చాచి, పాదం పైభాగంతో దాన్ని అందుకున్నాడు. అన్ని గజాలు ప్రయాణించి వచ్చిన బంతి అతని పాదం దగ్గర ప్రాణం పోయినట్టు పడింది. మీదికి దూసుకొచ్చిన అయాలా కాళ్ల మధ్య నుంచి రెండో టచ్, బంతి లోపలికి. మూడో టచ్ కుడి పాదం బయటి అంచుతో, గోల్‌కీపర్ రోవాని దాటించి పై మూలకి. మూడు తాకులూ ఒకే కాలివి.

అభిమానులు మూడో దాన్ని గోల్ అంటారు, రెండో దాన్ని అందమంటారు. రెంటికీ చోటిచ్చింది మొదటిది. బంతి తగిలే క్షణంలో చీలమండ బిగిస్తే అది ఎగిరి మూడు గజాల అవతల పడుతుంది. చీలమండ వదులు చేసి, తగిలే క్షణంలోనే పాదాన్ని కాస్త వెనక్కి లాక్కుంటే వేగమంతా పాదంలోకి ఇంకిపోతుంది. సూత్రం తెలియని ఆటగాడు లేడు. పరుగులో, గాల్లో, ఒక కాలి మీద కూడా నిలబడకుండా, డిఫెండర్ వస్తున్నాడని తెలిసీ చీలమండను వదులుగా ఉంచగలగడం మటుకు కొందరికే సాధ్యం. భయపడ్డ ఒళ్లు బిగుసుకుపోతుంది. ఫస్ట్ టచ్ బాగున్నవాడిని చూసి వీడికి చాలా టైమున్నట్టుంది అనుకుంటాం. ఆ టైము ఎవరూ ఇచ్చింది కాదు, అతను ఒంట్లో బిగువు రానివ్వలేదు, అంతే.

బెర్గ్‌కాంప్‌ని అందరూ ఫార్వర్డ్‌గానే గుర్తుపెట్టుకున్నారు. కానీ 1986 డిసెంబరులో, 17 ఏళ్ల వయసులో, కోచ్ యోహాన్ క్రైఫ్ అతన్ని ఆయాక్స్ పెద్ద జట్టులోకి తీసుకున్నది కుడి వింగర్‌గా. గీత పక్కన చోటు తక్కువ, తప్పు చేస్తే బంతి బయటికే. టచ్‌ని పదును పెట్టడానికి అంతకన్నా కఠినమైన బడి లేదు.

తెలిసిన ఎత్తు ఎందుకు పారుతుంది?

ఇక డ్రిబ్లింగ్. మాథ్యూస్ చేసేది దాదాపు ఒకే ఎత్తు. బంతితో నెమ్మదిగా ఫుల్ బ్యాక్ దాకా నడిచినట్టు వస్తాడు. ఎడమ భుజం వంచి లోపలికి పోతున్నట్టు వాలతాడు. డిఫెండర్ అటు వాలగానే కుడి పాదం బయటి అంచుతో బంతిని గీత వైపు తోసి వెళ్లిపోతాడు. బ్రెజిల్ గారించాదీ ఇంచుమించు ఇదే. రెండు కాళ్లూ ఒకే పక్కకు వంగి పుట్టిన ఆ మనిషి లోపలికి ఊగి బయటికి పోయేవాడు. నలభై ఏళ్ల తరువాత నెదర్లాండ్స్ ఆటగాడు అర్యెన్ రాబెన్ దీన్ని తిరగేశాడు. కుడి పక్క ఆడే ఎడమ కాలి మనిషి, బయటికి పోతున్నట్టు నటించి లోపలికి వచ్చి ఎడమ కాలితో కొట్టేవాడు. ముగ్గురి ఎత్తులూ ముందే తెలుసు. డిఫెండర్లకు తెలుసు, కోచ్‌లకు తెలుసు, గ్యాలరీలో పల్లీలు తినేవాడికి తెలుసు. అయినా పారాయి.

ఎందుకంటే డిఫెండర్ ఓడేది తెలియక కాదు, ఒంటి బరువు తప్పు కాలి మీద పడి. కబడ్డీ చూసే మన కళ్లకు ఇది కొత్త కాదు. కూతకు వచ్చినవాడు ఎడమకు ఊగితే పట్టుగాడికి తెలుసు అది వట్టిదని, కానీ ఊగకుండా ఉండలేడు, అది నిజమైతే పాయింటు పోతుంది కాబట్టి. వింగర్ కూడా డిఫెండర్ కాళ్లనే చూస్తాడు. ఏ కాలు నేలకు దిగబడిందో ఆ కాలి పక్క నుంచే పోతాడు, ఎందుకంటే ఆ కాలు లేవడానికి అర క్షణం పడుతుంది. ఈ ఆట నడవాలంటే బంతి ప్రతి అడుగులోనూ తాకగలిగినంత దగ్గర్లో ఉండాలి. మొదటి తాకులోనే బంతి గజం దూరం పోతే భుజం ఎంత వంచినా ఫలితం లేదు. డిఫెండర్ భుజాన్ని వదిలేసి బంతిని తీసుకుపోతాడు.

1958 జూన్ 15న యోటెబోరిలో సోవియట్ యూనియన్ మీద గారించా తన మొదటి ప్రపంచ కప్ మ్యాచ్ ఆడాడు. మ్యాచ్ మొదలైన నిమిషంలోపే గీత వెంబడి డిఫెండర్లను దాటి కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలింది. మూడో నిమిషానికే బ్రెజిల్‌కి వావా గోల్ కొట్టేశాడు. నాలుగేళ్ల తరువాత చిలీలో పేలే గాయపడి కూర్చుంటే క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద రెండు, సెమీ ఫైనల్లో చిలీ మీద రెండు గోల్స్ కొట్టి కప్పు తెచ్చాడు. బ్రెజిల్ తరఫున ఆడిన 50 మ్యాచ్‌లలో ఓడింది ఒక్కటే, 1966లో హంగేరీ మీద ఆడిన ఆఖరిది. ఒక్క ఎత్తు మీద ఇంత చరిత్ర నిలబడింది.

దాటిన తరువాత క్రాస్ ఉంది. గీత చివరిదాకా పోయి, గోల్ ముందు నుంచి వెనక్కి, పరుగెత్తి వస్తున్నవాడి కాళ్లలోకి నేల మీద ఇచ్చే పాస్‌ను కట్‌బ్యాక్ అంటారు. డిఫెండర్లందరూ తమ గోల్ వైపు మొహం పెట్టి పరుగెత్తుతుంటారు కాబట్టి వెనక్కి వచ్చే బంతి వాళ్లకు అందదు. 1953 మే 2న వెంబ్లీలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఆఖరి క్షణాల్లో 38 ఏళ్ల మాథ్యూస్ బిల్ పెరీకి ఇచ్చింది అలాంటిదే. 1-3తో వెనకబడ్డ బ్లాక్‌పూల్ 4-3తో బోల్టన్‌ని ఓడించింది. అదే జట్టులో మోర్టెన్‌సెన్ మూడు గోల్స్ కొట్టినా జనం ఆ ఫైనల్‌కి మాథ్యూస్ పేరే పెట్టుకున్నారు. అభిమానులు ఎక్కువగా చెప్పని సంగతి ఒకటుంది. మాథ్యూస్‌ని కాచిన ఫుల్ బ్యాక్ రాల్ఫ్ బ్యాంక్స్ కాళ్లు చివర్లో పట్టేశాయి. అప్పట్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు. నొప్పితో కుంటుతున్న మనిషిని దాటడం వేరు, తాజాగా దిగిన మనిషిని దాటడం వేరు. మాథ్యూస్ గొప్ప దీంతో తగ్గదు గానీ, ఆ ఆఖరి నిమిషాలను చూపించి ఈనాటి వింగర్లను చిన్నబుచ్చేవాళ్లు ఈ ముక్క కూడా కలుపుకోవాలి.

బంతి వేరు, నేల వేరు

ఈనాటివాళ్లు ఆనాటివాళ్లను చిన్నబుచ్చడం కూడా అంతే పొరపాటు. బంతి బరువు నియమం 1937 నుంచి పెద్దగా మారలేదు, ఇప్పటి లెక్కలో 410 నుంచి 450 గ్రాములు. కానీ అది మ్యాచ్ మొదలయ్యేటప్పటి బరువు. తోలు బంతి తడి నేల మీద గంట దొర్లితే నీరు తాగి బరువెక్కేది, పైన తాడుతో కుట్టిన చోట ఎగుడుదిగుడుగా ఉండేది. పూర్తిగా సింథటిక్ బంతి ప్రపంచ కప్‌లోకి వచ్చింది 1986లో. బురదలో ఇరుక్కున్న బంతిని మెత్తగా ఆపడం సులువే, పరుగు ఆపకుండా ముందుకు తీయడం కష్టం. ఇప్పుడు తివాచీ లాంటి గడ్డి మీద బంతి చెప్పిన చోటికి పోతుంది, కానీ వేగంగా వస్తుంది, డిఫెండర్ కూడా అంత వేగంగానే వస్తాడు. వెనక నుంచి కాళ్లు నరికే టాకిల్‌కి 1998 ప్రపంచ కప్‌లో రెడ్ కార్డు కచ్చితం చేశారు. అంతకుముందు తరాల వింగర్లు డిఫెండర్‌కు వీపు పెట్టి బంతి తీసుకోవడమంటే చీలమండను పణంగా పెట్టడమే. అందుకే ఆ కాలం వాళ్ల టచ్ ఎక్కువగా బంతిని ఒంటికి దూరంగా, తప్పించుకునే వైపుకు వేసేది. ఈ తేడాలు తెలియకుండా ఇద్దరి క్లిప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఆట పథకాలు కూడా వింగర్లను మింగాయి, కక్కాయి. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్‌సీ మొదటి మూడు మ్యాచ్‌లలో ముగ్గురు వింగర్లను మార్చి మార్చి చూసి, క్వార్టర్ ఫైనల్ నుంచి అసలు వింగరే లేకుండా ఆడి కప్పు గెలిచాడు. ఆ తరువాత చాలా జట్లలో పక్కన పరుగెత్తే పని ఫుల్ బ్యాక్‌ల మీదే పడింది. ఇప్పుడు వింగర్లు తిరిగి వచ్చారు, కాళ్లు మార్చుకుని. ఎడమ కాలివాడు కుడి పక్క, కుడి కాలివాడు ఎడమ పక్క. క్రాస్ తగ్గి షాట్ పెరిగింది. కుడి పక్క ఎడమ కాలితో బంతి అందుకునేవాడి మొదటి తాకు లోపలికి, జనం మధ్యకి పోతుంది. చుట్టూ నలుగురు ఉంటారు కాబట్టి టచ్ ఇంకా చిన్నదిగా ఉండాలి. పాత వింగర్ టచ్ పరుగు కోసం, కొత్త వింగర్ టచ్ షాట్ కోసం. పోల్చాల్సి వస్తే అది తెలిసి పోల్చాలి.

రహీం సాబ్ షరతులు

ఇదంతా పరాయి కథ అనుకోనక్కర్లేదు. టచ్ మీద ఇంత పట్టింపు ఉన్న ఒక బడి హైదరాబాద్‌లోనే నడిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది, 1950లో డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్ చేరింది. అందులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్ వాళ్లున్నారు.

రహీం చేతికొచ్చేటప్పటికి మన ఆట ఒట్టికాళ్ల ఆట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్ చేతిలో 1-2తో మాత్రమే ఓడారు. ఒట్టి పాదానికి బంతి స్పర్శ బాగా తెలుస్తుంది, ఎండలో, ఎండిన నేల మీద దానికి సాటి లేదు. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడాక బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఒట్టి పాదం నేర్చిన టచ్‌ని తోలు లోపల పోగొట్టుకోకుండా కాపాడటం ఆ తరం కోచ్‌ల పని అయింది.

దానికి రహీం వాడిన సాధనాలు చాలా సాదా. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవాడు. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలన్న షరతుతో ఇంకొన్ని. మొదటి షరతు పిల్లవాడికి ఏం నేర్పుతుంది? దాటే హక్కు లేదు కాబట్టి, బంతి వచ్చేలోపే ఎవరికి ఇవ్వాలో చూసి ఉండాలి, మొదటి తాకుతోనే బంతి పాస్‌కి వీలైన చోట పడాలి. ఒకసారి అది తప్పితే సరిదిద్దుకోవడానికి రెండో తాకు ఉండదు. రెండో షరతు సగం దారులు మూసుకున్న ఆటగాడికి వాటిని తెరుస్తుంది. ఒక కాలే ఉన్న వింగర్‌ని ఫుల్ బ్యాక్ ఒక్క పక్కనే కాస్తే చాలు. రెండు కాళ్లూ పనిచేసేవాడి మొదటి టచ్ ఎటు పోతుందో చెప్పలేడు, కాబట్టి బరువు ఏ కాలి మీద వేయాలో తెలియక నిలబడిపోతాడు. మాథ్యూస్, ఫిన్నీల తగువులో నా ఓటు ఫిన్నీకే పడటానికి కారణం ఇదే. ఎడమ పక్కకు జరిగి కూడా లోటు లేకుండా ఆడినవాడికి రెండు కాళ్లున్నట్టు.

ఈ బడిలోంచి వచ్చిన మేటి బలరాం. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టినవాడు. 1956, 1957లలో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్లలో ఆడి, కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరి, 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ తెచ్చిపెట్టాడు. ఎడమ వింగ్, ఇన్‌సైడ్, సెంటర్ ఫార్వర్డ్, ఎక్కడ పెట్టినా ఆడేవాడు. అటు కుడి వింగ్‌లో ప్రదీప్ కుమార్ బెనర్జీ, అందరూ పీకే అనేవారు. మధ్యలో చునీ గోస్వామి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద మన గోల్స్ బలరాంవి, ఫ్రాన్స్ మీద 1-1 డ్రాకు గోల్ పీకేది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచినప్పుడు మొదటి గోల్ పీకేది, రెండోది జర్నైల్ సింగ్‌ది. అప్పటికే కాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. శ్వాసకోశ జబ్బుతో బలరాం కూడా ఆ దరిదాపుల్లోనే, ముప్పై నిండకుండానే ఆట వదిలేశాడు.

పీకే గొప్పా, బలరాం గొప్పా? కలకత్తాలోనూ హైదరాబాద్‌లోనూ పాతవాళ్లు ఇప్పటికీ గొంతు పెంచే ప్రశ్న ఇది. చూసినవాళ్లు చెప్పేదాంట్లో ఒక పోలిక కుదురుతుంది. పీకేది వేగం, బలం, పరుగు ఆపకుండా కొట్టే కుడి కాలి షాట్, గీత చివర నుంచి కచ్చితమైన క్రాస్. బలరాంది రెండు కాళ్లు, ఎలాంటి బంతినైనా లొంగదీసుకునే పట్టు, పక్కవాడు ఎక్కడున్నాడో ముందే చూసి ఉండటం. చోటుంటే పీకే, చోటు లేకపోతే బలరాం. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నేను బలరాం వైపే నిలబడతాను. చోటు ఎప్పుడూ దొరకదు, టచ్ ఉన్నవాడు చోటు తయారుచేసుకుంటాడు. పీకేకీ చునీకీ పద్మశ్రీ దక్కింది. బలరాంకి 1962లో అర్జున అవార్డు దక్కిందే గానీ పద్మశ్రీ రాలేదు, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూసేదాకా రాలేదు. అవార్డులు గోల్స్‌ని, కెప్టెన్సీని చూసినంత సులువుగా టచ్‌ని చూడలేవు.

కొలత ఇంకా పనిచేస్తుంది

పీకే, చునీ, బలరాంల ఆట మన తరానికి చూడటానికి ఫిల్ముల్లో దాదాపు దొరకదు. ఒక రకంగా అది వాదనను సరైన దారిలో పెడుతుంది. క్లిప్పులు ఉన్నప్పుడు మనం ఎడిటర్ కత్తిరించిన చోట నుంచి చూస్తాం. అతను కత్తిరించేది బంతి కాలికి వచ్చిన తరువాతే. ఎలా నిలబడ్డాడు, ఏ కాలితో తీసుకున్నాడు, మొదటి తాకుకి డిఫెండర్ ఎటు వాలాడు, ఇవన్నీ ముక్కకు బయటే ఉండిపోతాయి. ఏ వింగర్ గురించి వాదన వచ్చినా ఈ మూడింటినీ అడగడం అలవాటు చేసుకుంటే గోల్స్ పట్టిక చూసి తీర్పు చెప్పే తొందర తగ్గుతుంది. ఈసారి మ్యాచ్ మైదానంలో చూసే అవకాశం దొరికితే పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క ఫుల్ బ్యాక్ కాళ్లనే చూడండి. వింగర్ గొప్పదనం అతని కాళ్లలో కన్నా ఎదుటివాడి కాళ్ల తడబాటులోనే స్పష్టంగా కనపడుతుంది.

రహీం పద్ధతిలో ఉన్న అసలు విలువ, దానికి డబ్బు అక్కర్లేకపోవడం. ఖరీదైన అకాడమీలు, విదేశీ కోచ్‌లు వచ్చారు, రానివ్వండి. కానీ ఒక మండల కేంద్రంలో బడి మైదానం ఉండి, ఒక పీఈటీ మాస్టారు ఉండి, ఇరవైమంది పిల్లలు ఉంటే చాలు, ఎడమ కాలి పోటీ పెట్టవచ్చు, డ్రిబ్లింగ్ లేని పోటీ పెట్టవచ్చు. పిల్లలు మొదటి వారం తిట్టుకుంటారు, ఎందుకంటే బాగా ఆడేవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారు. నెల తిరిగేసరికి బంతి రాకముందే తలెత్తి చూడటం మొదలుపెడతారు. మన రెండు రాష్ట్రాల్లో ఫుట్‌బాల్ మళ్లీ నిలబడాలని కోరుకునేవాళ్లు స్టేడియం ఎప్పుడు కడతారని అడిగే ముందు, మన ఊరి బడిలో ఆ రెండు షరతులతో ఒక్క టోర్నమెంటు ఎందుకు జరగడం లేదో అడగాలి.